ముక్కమ్మ పాసు చేసిన చెక్క

కొత్త సోఫా వాసన వస్తోందని ఫోన్ వచ్చినప్పుడు ముక్కమ్మ మొట్టమొదట చేసిన పని ఆడపడుచు మొహం వైపు చూడటం. ఆడపడుచు గోడ పక్కన పీట వేసుకుని దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు. ఎత్తకపోవడమే ముక్కమ్మకి అనుమానం పుట్టించింది. ఎత్తి ఉంటే అప్పుడూ పుట్టేదే, అది వేరే సంగతి.

"ఏం వాసనండీ?" అని అడిగింది ఫోన్లో.

"అది మీరే చెప్పాలి," అంది అవతల లెక్కల టీచరు. "మందు వాసనలా ఘాటుగా ఉంది. పొద్దున కిటికీలు తీస్తే తగ్గుతుంది, మధ్యాహ్నం ఎండ పడగానే మళ్ళీ మొదలు. మా పాప మూడు రోజులుగా దగ్గుతోంది. జిగురు చుక్క కూడా తగలనివ్వనని మాటిచ్చారు కదా?"

"తగలనివ్వలేదమ్మా."

"అయితే ఒకసారి వచ్చి వాసన చూసి చెప్పండి. మీ ముక్కు మీద నమ్మకంతోనే కదా నేను వేరే షాపుల గుమ్మం కూడా తొక్కలేదు."

వస్తానని చెప్పి ముక్కమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆమెకి అసలు పేరు ఏదో ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. తండ్రి సోఫాలు కుట్టేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకునే రోజుల్లోనే పిడికెడు కొబ్బరి పీచు ముక్కు దగ్గర పెట్టుకుని, అది మంచినీళ్ళలో నానిందో మురికిగుంటలో నానిందో, తెల్లబడాలని గంధకం పొగ పెట్టారో లేదో చెప్పేసేది. సరుకు తెచ్చేవాళ్ళు ఆమె బస్తా మూతి విప్పుతుంటే పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా చేతులు నలుపుకునేవాళ్ళు. పెళ్ళయ్యాక సొంతంగా కొట్టు పెట్టింది. మొగుడు వ్యాను నడుపుతాడు. మొగుడి చెల్లెలు కుట్టుపనీ మేకులపనీ చూస్తుంది. వదినా ఆడపడుచులు ఒకే కొట్టులో పన్నెండేళ్ళు జుట్లు పట్టుకోకుండా పనిచేయడం చూసి వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

కొట్టు బోర్డు మీద 'విషం లేని సోఫాలు' అని ఉంటుంది. అలా రాస్తే మిగతా సోఫాల్లో విషం ఉందేమోనని జనం భయపడతారే అన్నాడు మొగుడు. భయపడాలనే కదా రాయించింది అంది ముక్కమ్మ. ఆ కొట్టులో స్పాంజి ఉండదు. అడుగున జనపనార పట్టీలు, వాటి మీద కొబ్బరి పీచు, దాని మీద చెట్టుపాలతో చేసిన రబ్బరు షీటు, ఆపైన దూది, పైన రంగు వేయని నూలు గుడ్డ. అన్నిటినీ పట్టి ఉంచేవి కుట్లూ మేకులూ మాత్రమే. ఫ్రేముల కోసం కొత్తగా చెట్టు కొట్టించడం ఆమెకి ఇష్టం ఉండదు. పాత ఆఫీసులూ ఆస్పత్రులూ ఖాళీ చేసినప్పుడు వాళ్ళ బెంచీలూ సోఫాలూ కొని, గుడ్డ ఊడదీసి, చెక్కని శుభ్రం చేసి వాడుతుంది. ప్రతి ఫ్రేముకీ నాలుగు మూలలా తనే వాసన చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు లేనిదే ఆడపడుచు సుత్తి ఎత్తదు.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, ముక్కమ్మకి రెండేళ్ళుగా వాసన తెలియదు.

ఒక జ్వరం వచ్చి పది రోజులు ఉండి, పోతూ పోతూ వాసనని వెంట తీసుకుపోయింది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూసింది. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. మొదట్లో సిగ్గు, తర్వాత భయం. ముక్కు పనిచేయని ముక్కమ్మ మాట ఎవడు వింటాడు? ఇంట్లో పాలు మాడితే ఫోన్లో ఉండి చూసుకోలేదంది. కొట్టులో మాత్రం పాత అలవాటు ప్రకారమే పిడికెడు పీచు తీసి ముక్కుకి ఆనించి, ఓరకంట ఎదుటివాడి మొహం చూసేది. వాడు గుటకలు మింగితే సరుకు తిప్పి పంపేది. మిగతావాటికి వేరే దారులు వెతుక్కుంది. దారప్పోగు అంటిస్తే నూలు బూడిదవుతుంది, ప్లాస్టిక్ కలిసినదైతే కరిగి పూసకడుతుంది. రబ్బరు షీటుని బొటనవేలితో నొక్కి వదిలితే అది లేచే తీరులో రకం తెలిసిపోతుంది. కళ్ళూ వేళ్ళూ ఉండగా ముక్కుతో పనేమిటని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు రెండేళ్ళు బాగానే నడిచింది.

తను ఒకటి దాస్తోంది కాబట్టి అందరూ ఏదో ఒకటి దాస్తున్నారనే అనుమానం మాత్రం ఆమెలో బాగా ముదిరింది. ఇప్పుడు టీచరు ఫోన్‌తో ఆ అనుమానం వెళ్ళి నేరుగా ఆడపడుచు మీద వాలింది. కారణాలు లేకపోలేదు. టీచరు సోఫాకి ఆరు రోజులు పట్టాలి, నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ నాలుగు రోజులూ ముక్కమ్మ పీచు కొనడానికి వేరే ఊరు వెళ్ళింది. చేత్తో కుట్టే పని అంత త్వరగా ఎలా తెములుతుంది? జిగురు పూస్తే మాత్రం పూటలో తెములుతుంది. పైగా వెనక గది అరమీద జిగురు డబ్బా ఒకటి మొన్న ఆమె కంటపడింది. అదీగాక అన్నాచెల్లెళ్ళిద్దరూ వారం రోజులుగా చెవులు కొరుక్కుంటున్నారు, తను వస్తే చాలు ఎండల గురించి మాట్లాడుతున్నారు. ఎండాకాలంలో ఎండల గురించి అంతసేపు మాట్లాడుకోవలసింది ఏముంటుంది?

"టీచరుగారి సోఫా నాలుగు రోజుల్లో ఎలా అయింది?" అని అడిగింది, ఊరికే అడుగుతున్నట్టు.

"చెయ్యి తిరిగింది కదా వదినా. పన్నెండేళ్ళయింది."

"పదకొండేళ్ళ దాకా తిరగని చెయ్యి ఇప్పుడు తిరిగిందన్నమాట."

ఆడపడుచు నవ్వింది. ఆ నవ్వు కూడా ముక్కమ్మకి తేడాగానే అనిపించింది.

"అరమీద జిగురు డబ్బా ఏమిటి?"

"అదా... అది... మేకులు పోసుకున్నా," అని నీళ్ళు నమిలింది ఆడపడుచు. "ఎందుకూ?"

ముక్కమ్మ వెళ్ళి డబ్బా తెరిచింది. నిజంగానే మేకులు. అయితే మాత్రం? మేకులకి ముందు అందులో ఉన్నది జిగురే కదా. వేరే ఎవరైనా అయితే డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని అక్కడికక్కడే తేల్చేసేవాళ్ళు. ముక్కమ్మ మేకులు అరచేతిలో ఒంపుకుని అడుగున వేలు పెట్టి రాసింది. పొడిగా ఉంది. ఎప్పటి పొడో ఎవరికి తెలుసు?

తాడో పేడో టీచరు ఇంట్లోనే తేల్చేద్దామనుకుంది. ఆ సోఫా ఆ టీచరు ఎదుటే విప్పి, జిగురు మరక చూపించి, ఇదిగో, తప్పు నా ముక్కుది కాదు, ఈమె చేతిది అని చెప్పేస్తే ఇంకెవరూ తనని ఏమీ అడగరు. ఈ ఆలోచన ఆమెకి కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ సంగతి తర్వాత తలుచుకుని సిగ్గుపడింది గానీ, అప్పటికి మాత్రం హాయిగానే ఉంది.

"నువ్వూ రా," అంది ఆడపడుచుతో. "సుత్తి, పట్టకారు, ఉలి తీసుకో."

"వాసన చూడటానికి ఉలి ఎందుకు వదినా?"

"రమ్మన్నప్పుడు రా."

వ్యానులో ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. బాబుకి పాలివ్వడానికి తొందరగా ఇంటికెళ్ళాలని ఆడపడుచు గుర్తుచేసింది. బిడ్డ పుట్టి ఎనిమిది నెలలు. ఇంటి దగ్గర ఆమె అత్తగారు చూసుకుంటుంది. పోదువుగానిలే అంది ముక్కమ్మ. మొగుడు పక్కకి తిరిగి ఒకసారి పెళ్ళాన్నీ ఒకసారి చెల్లెల్నీ చూసి, ఎండలు మండిపోతున్నాయి అన్నాడు. "మీరు దారి చూసి నడపండి," అని కసిరింది ముక్కమ్మ.

టీచరు ఇల్లు రెండో అంతస్తులో ఉంది. మొగుణ్ణి వ్యాను దగ్గరే ఉంచి ఆడవాళ్ళిద్దరూ పైకి ఎక్కారు. ముందుగది చిన్నది. పడమటి కిటికీలోంచి వచ్చిన ఎండ సోఫా మీద సగం దాకా పాకింది. లోపలి గది గుమ్మంలో ఏడేళ్ళ పాప నిలబడి ఉంది. చేతిలో ఊపిరి మందు పీల్చే గొట్టం. గుమ్మం దాటి ఇవతలికి రావడం లేదు.

"దాన్ని అక్కడే ఉండమన్నాను," అంది టీచరు. "మా ఆయన నన్ను చూసి నవ్వుతున్నారు. అంతా నా అనుమానమేనట. మీరు చూసి చెప్పండి, నాకు పిచ్చో, సోఫాకి కంపో."

ముక్కమ్మ వంగింది. నాలుగు మూలలా ముక్కు ఆనించింది. ఎండకి వెచ్చబడిన నూలు గుడ్డ ముక్కుకి మెత్తగా తగిలింది, అంతే. ఊపిరి లోపలికి పోయింది, బయటికి వచ్చింది, దాంతోపాటు ఏ కబురూ రాలేదు. ఓరకంట ఆడపడుచు వైపు చూసింది. ఆడపడుచు ముక్కు చిట్లించి, వెంటనే సర్దుకుని, నేల చూపులు చూస్తోంది. అంటే ఏదో ఉంది.

టీచరు ఎదురుచూస్తోంది. పాప కూడా. ఏదో ఒకటి చెప్పాలి. రెండేళ్ళుగా అలవాటైన నాలుక తన పని తను చేసేసింది.

"కొత్త జనపనార వాసనమ్మా. పది రోజుల్లో అదే పోతుంది."

"అంతేనా?" టీచరు మొహం విప్పారింది. "హమ్మయ్య! మా ఆయన మాటే నిజమైందన్నమాట. రా తల్లీ, రా. ఆంటీ చూశారుగా, ఏం ఫరవాలేదు. వచ్చి కూర్చో."

పాప వచ్చింది. సోఫా మధ్యలోకి జరిగి కూర్చుంది. కాళ్ళు నేలకి అందక గాల్లో ఊగుతున్నాయి. కొత్త గుడ్డని అరచేతులతో నిమిరింది. ముక్కమ్మకి ముక్కు లేదు గానీ చెవులున్నాయి. పాప ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల ఎక్కడో సన్నగా ఈల వినిపిస్తోంది. ఒకటి. రెండు. మూడోది ఇంకాస్త పొడుగ్గా.

"లే తల్లీ, లే లే!" పాప చెయ్యి పట్టుకుని దాదాపు ఈడ్చినట్టే గుమ్మం దాకా తీసుకుపోయింది ముక్కమ్మ. టీచరు బిత్తరపోయింది. "ఒక్కసారి విప్పి చూస్తానమ్మా. ఎందుకైనా మంచిది." అని, ఆడపడుచు వైపు తిరిగి, "నువ్వే చెప్తావా, నేను విప్పనా?" అంది.

"ఏం చెప్పాలి?"

"జిగురు ఎక్కడ పూశావో."

టీచరు ఒకసారి ఈమెనీ ఒకసారి ఆమెనీ చూసింది. ఆడపడుచు మొహం ముందు పాలిపోయి, తర్వాత కందగడ్డలా అయింది. పన్నెండేళ్ళలో వదిన తనని పరాయివాళ్ళ ముందు ఒక్క మాట అనలేదు.

"విప్పు," అంది. ఉలి తనే తీసి వదిన చేతిలో పెట్టింది. "ప్రతి కుట్టూ విప్పు."

ముక్కమ్మ విప్పింది. నూలు గుడ్డ మడతలు తెరిచింది, జిగురు లేదు. దూది పరుపు ఎత్తింది, చుట్టూ దగ్గరదగ్గరగా కుట్లు, ఎక్కడా మరక లేదు. రబ్బరు షీటు కింద వేలు పోనిచ్చి చివర నుంచి చివరి దాకా రాసింది. నున్నగా వచ్చింది. పీచుని పట్టీలకి కలిపి వేసిన కుట్లు, అసలు తను వేసినవాటికన్నా బాగున్నాయి. ఒక్కొక్క పొర తీస్తున్నకొద్దీ ముక్కమ్మ చెవులు వేడెక్కాయి. పట్టీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక దారి దొరికినట్టయింది. సగం మేకులు వంకరగా దిగి ఉన్నాయి.

"ఇవి నీ మేకులు కావు."

"అన్నయ్యవి," అంది ఆడపడుచు. "పాప ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేలోపు సోఫా కావాలని టీచరుగారు బతిమాలారు. నువ్వు ఊళ్ళో లేవు. అన్నయ్య పట్టీలు లాగిపట్టి మేకులు కొట్టాడు. రెండు సాయంత్రాలు. ఆ డబ్బాలో మేకులు కూడా అన్నయ్య తెచ్చినవే. పని రానివాళ్ళు చెయ్యి పెడితే నువ్వు ఒంటికాలి మీద లేస్తావని చెప్పలేదు. చాలా? ఇంకేమైనా విప్పుతావా?"

అక్కడితో ఆగి క్షమించమని అడిగితే సరిపోయేది. కానీ ముక్కమ్మకి సిగ్గు కన్నా భయం ఎక్కువైంది. జిగురు లేకపోతే మరి ఈ పాప దేనికి దగ్గుతోంది? మిగిలినది చెక్క ఒక్కటే. పట్టీలు ఊడబీకి, ఫ్రేముని ఒంటి చేత్తో తలకిందులుగా తిప్పింది.

అడుగు కమ్మీ పొడవునా జానెడుకొకటి చొప్పున చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయి. వాటిని మైనంతో పూడ్చి పైన రంగు పూశారు. ఎండ తగిలిన వైపు మైనం మెత్తబడింది, ఒక్కో రంధ్రం చుట్టూ నూనె జిడ్డు నల్లగా ఊరుతోంది. అది చెదల మందు. చెక్కకి తూట్లు పొడిచి లోపలికంటా పోసే రకం. చూడగానే తెలిసిపోయింది. ముక్కున్న రోజుల్లో అయితే చూడకుండానే, ఫ్రేము వ్యాను దిగకముందే తెలిసేది.

కమ్మీ చివర సుద్దతో పెట్టిన గుర్తు ఉంది. అది తనదే.

ఆ రోజు కళ్ళకి కట్టింది. ఏడాది కిందట, మూతబడిన ఒక ఆఫీసు నుంచి నాలుగు ఫ్రేములు వచ్చాయి. ఆడపడుచు వాటి దగ్గర నిలబడి, "వదినా, వీటిని ఇంకోసారి చూడవూ? నాకేదో ఘాటుగా తగులుతోంది," అంది. ముక్కమ్మకి ఆ మాట మామూలు మాటలా వినిపించలేదు. తన గుట్టు కనిపెట్టడానికి ఆడపడుచు వల వేస్తోందనుకుంది. అందుకే ఒకటికి రెండుసార్లు వంగి, గట్టిగా ఊపిరి పీల్చి, "పాత చెక్క అంతేనే, ముసలివాళ్ళకి ఒక వాసన ఉండదూ!" అని నవ్వి, నాలుగింటికీ టకటకా సుద్ద గీసేసింది. తిప్పి అడుగు వైపు చూడలేదు. తిప్పితే అనుమానం వస్తుందని భయం.

ముక్కమ్మ లేచి నిలబడింది.

"టీచరుగారూ, చెక్కలో చెదల మందు ఉంది. మీ అనుమానం నిజమే."

"మరి ఇందాక జనపనార అన్నారు?"

"అన్నాను. నాకు వాసన రాదమ్మా."

"ఈ వాసనా?"

"ఏ వాసనా రాదు. రెండేళ్ళయింది."

టీచరు గోడకి చేరబడి, లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు చూసింది. "మీరు చెప్పారని పాపని దాని మీద కూర్చోబెట్టాను," అంది చివరికి, మెల్లగా.

"అవునమ్మా."

"తీసుకుపోండి దీన్ని. ఒక్క ముక్క మిగల్చకుండా." లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు వెనక నుంచి పాప దగ్గు వినబడింది. ముక్కమ్మ ఆ దగ్గు ఆగేదాకా కదల్లేకపోయింది.

ఆగాక ఆడపడుచు వైపు తిరిగింది. తిట్టించుకోవడానికి సిద్ధపడింది. నిజం చెప్పాలంటే తిడితే బాగుండునని ఎదురుచూసింది. ఆడపడుచు తిట్టలేదు. కింద కూర్చుని ఆ మైనం పూడ్చిన రంధ్రాలకేసి చూస్తోంది.

"ఆ లాట్లో నాలుగు వచ్చాయి కదా వదినా," అంది.

"నాలుగు."

"రెండు కొట్టులోనే ఉన్నాయి. ఇది మూడోది."

"ఊఁ."

"నాలుగోది మా ఇంట్లో ఉంది."

బాబు పుట్టినప్పుడు ముక్కమ్మ తనే కుట్టి పంపిన సోఫా అది. ఒక్క మేకు కూడా వేరేవాళ్ళని కొట్టనివ్వలేదు.

"వాడు మధ్యాహ్నాలు దాని మీదే పడుకుంటాడు," అంది ఆడపడుచు. "మెత్తగా ఉంటుందని."

"నీకు... నీకు వాసన రాలేదా?"

"రాకేం? మొదటి రోజే వచ్చింది. ఇల్లంతా మూడుసార్లు కడిగాను. మురుగు గొట్టం మార్పించాను. మా అత్తగారి నొప్పుల నూనె అనుకుని ఆవిడ సీసా దాచేస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సోఫాని మాత్రం అనుమానించలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "దాన్ని నువ్వు చూశావు కదా. నా ముక్కుదే తప్పనుకున్నా."

ముక్కమ్మ ఈ మనిషి నవ్వుని అనుమానించింది, చేతిని అనుమానించింది, మేకుల డబ్బాలో వేలు పెట్టి మరీ అనుమానించింది. ఈ మనిషేమో తన ముక్కుని కాదని వదిన ముక్కుని నమ్మి, బిడ్డని దాని మీద పడుకోబెట్టింది.

ఆడపడుచు అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "అత్తయ్యా, బాబు ఎక్కడున్నాడు?... నిద్రపోతే పోనివ్వండి, ముందు సోఫా మీంచి తియ్యండి వాణ్ణి... ఎందుకంటే..." అని ఆగి, వదినని చూసింది. ఫోన్ చాపింది. "వదిన చెప్తుంది."

ముక్కమ్మ ఫోన్ అందుకుంది. అవతల పెద్దావిడ గొణుగుతోంది, ఇప్పుడే కదా కళ్ళు మూశాడు, ఇదేం చోద్యం అంటూ.

"అత్తయ్యగారూ, నేను," అంది ముక్కమ్మ. "ముందు వాణ్ణి ఎత్తుకుని అవతలి గదిలోకి పోండి. పోయారా? సరే. ఇప్పుడు నేను చెప్పేది వినండి."